తోక రుద్దుకుంటోందని రోగం తోకలోనే ఉందనుకోకండి

ఈ వారం మన జీవాల పేజీకి గుర్రాల మీదే మూడు ఉత్తరాలొచ్చాయి, మూడూ విశాఖ నుంచే, అందుకే కుక్కలూ పిల్లుల ఉత్తరాలు వచ్చే వారానికి పెట్టి వీటికే చోటిస్తున్నా. మొదటి ఉత్తరం రాసినాయన ఇంట్లో ఒక మందు సీసా తెచ్చి పెట్టుకున్నారు, ఆలస్యమైతే పోసేస్తారేమోనని ఆయనకి ముందే ఫోన్ చేసి చెప్పాను, మిగతా వివరమంతా అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నా.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. మాది పెదజాలారిపేట అండి. నాకు రెండు గుర్రాలున్నాయి, సాయంత్రాలు ఆర్కే బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పుతాను, అదే మా ఇంటికి కూడు. అందులో ఆడగుర్రం, ఎనిమిదేళ్ళది, చిట్టి అని పిలుస్తాం, వానలు మొదలైన కాడినుంచి రెండు నెలలబట్టి తోక మొదలు ఒకటే రుద్దీసుకుంటందండి. కట్టేసిన కొబ్బరిచెట్టుకేసి రుద్ది రుద్ది పైన బెత్తెడు మేర వెంట్రుకలన్నీ ఊడిపోనాయి, ఎర్రగా రసి కారతంది. కిరసనాయిలు కొబ్బరినూనెలో కలిపి రాసీసాను, నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలు. ఒకాయనేమో గేదెలకి పిడుదులకి వాడే మందుంది, బకెట్టు నీళ్ళలో కలిపి పోసీ అన్నారు, సీసా కొని తెచ్చాను గానీ ఇంకా పొయ్యలేదు. రెండో గుర్రానికి ఏటీ లేదు. పొయ్యమంటారా? ఇది అంటుకునే రోగమేటండి, పిల్లలు ఎక్కుతారు కదా, భయంగా ఉంది.

జవాబు: పొయ్యకండి బాబూ. ఫోన్‌లో మీరు చదివి చెప్పిన పేరు అమిట్రాజ్. ఆవులకీ గేదెలకీ పిడుదులు పోవడానికి అది మంచి మందే, నేనూ వందలసార్లు రాసిచ్చాను, కానీ గుర్రానికి అది పడదు. గుర్రంలో పేగు కదలిక మందగించిపోయి మేత పెద్దపేగులో గట్టిపడి అడ్డం పడిపోతుంది, గుర్రానికి వాంతి చేసుకునే వీలు కూడా లేదు, ఇక కడుపునొప్పితో పక్కలు చూసుకుంటూ కిందపడి దొర్లడమే. నేను సర్వీసులో కొత్తగా ఉన్నప్పుడు ఇలాగే పిడుదుల మందు పోసిన గుర్రాన్ని చూడ్డానికి వెళ్ళాను, రెండు రాత్రులు దాని పక్కనే కూర్చున్నాం నేనూ ఆ యజమానీ, మూడో రోజు తెల్లారకుండానే పోయింది. ఆయన దాని మెడ మీద చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చుండిపోయాడు, అది నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టే ఉంటుంది. అందుకే గుర్రమున్న ఎవరి ఇంట్లోనైనా ఈ సీసా కనపడితే చాలు, ముందు దాన్ని దూరంగా పెట్టించాకే మిగతా మాట మాట్లాడతా.

కిరసనాయిలు కూడా ఆపెయ్యండి. అది చర్మాన్ని కాల్చేస్తుంది, ఆ మంటకి నాలుగు రోజులు రుద్దుకోవడం మానేసి ఉంటుంది, అంతేగానీ దురద పోలేదు. ఫినాయిలు, బండి నుంచి తీసిన పాత ఆయిలు, ఇవి కూడా వద్దు.

ఇప్పుడు అసలు సంగతి. తోక దురద అనేది ఒక్క రోగం పేరు కాదు, జ్వరం లాగా అది ఒక గుర్తు మాత్రమే, కారణం ఏడెనిమిది రకాలుగా ఉండొచ్చు, చాలాసార్లు అది తోకలో ఉండనే ఉండదు, తోక కిందో, పొట్ట కిందో, కడుపులోనో ఉంటుంది. చేతితో గోక్కోలేదు కాబట్టి వెనకవైపు ఎక్కడ దురద పెట్టినా దానికి దొరికేది తోక మొదలే, చెట్టుకి ఆనించి అదే రుద్దుతుంది. కాబట్టి ఏం రాయాలి అనే ముందు రెండు విషయాలు చూడండి, ఏ వేళప్పుడు రుద్దుకుంటోంది, తోక కాకుండా ఇంకెక్కడ రుద్దుకుంటోంది. ఒక మూడు రోజులు కాగితం మీద రాసి పెట్టండి చాలు, డాక్టరుకి సగం పని అయిపోయినట్టే.

చూసే పద్ధతి చెప్తా. పొద్దున ఎండ పడేచోట, ఎవరైనా తల దగ్గర కళ్ళెం పట్టుకుని నిలబడితే, మీరు భుజం దగ్గర నుంచి ఒక చెయ్యి దాని ఒంటి మీద ఆనించుకుంటూనే వెనక్కి వెళ్ళి తుంటి పక్కన నిలబడండి, సరిగ్గా వెనకాల మాత్రం నిలబడొద్దు, ఎంత మీ చేతిలో పెరిగిన గుర్రమైనా పుండు మీద చెయ్యి పడితే తన్నుతుంది. తోకని పక్కకి తీసి కింద చర్మం చూడండి, అక్కడ వెంట్రుకలుండవు, మెత్తగా నల్లగా ఉంటుంది. మలద్వారం చుట్టూ పసుపు తిరిగిన బూడిద రంగులో, ఎండిన గంజి అట్టు కట్టినట్టు జిగటగా ఏమైనా అంటుకుని ఉందా? ఉంటే అది నులిపురుగుల గుడ్ల పొర. చిన్నపిల్లలకి రాత్రిళ్ళు ముడ్డి దగ్గర దురద పెట్టే పురుగుంది చూశారూ, దాని బంధువే గానీ ఇది గుర్రాల జాతికే పరిమితం, మనుషులకి రాదు. ఆక్సియూరిస్ అంటారు దీన్ని, ఆడపురుగు తెల్లగా, తోక సన్నగా సూదిలా సాగి, నాలుగంగుళాల దాకా ఉంటుంది, పెద్దపేగులో ఉండి గుడ్లు పెట్టడానికి మాత్రం బయటికొచ్చి ఆ జిగట పూసిపోతుంది. ఒక్కో పురుగు వేలల్లో పెడుతుంది. ఆ జిగట ఎండేకొద్దీ దురద, రుద్దుకుంటే గుడ్లు చెట్టుకీ తొట్టికీ దాణా బకెట్టుకీ అంటుకుని మళ్ళీ నోట్లోకే.

దీన్ని నిర్ధారించుకోవడానికి లద్దె పరీక్ష చాలదు, గుడ్లు లోపల కాదు బయట పెడుతుంది కాబట్టి లద్దెలో చాలాసార్లు కనపడవు. లద్దె పరీక్షలో ఏమీ లేదని రిపోర్టు వచ్చాక కూడా గుర్రం రుద్దుకుంటూనే ఉందని నా దగ్గరికి వచ్చినవాళ్ళు చాలామంది. మామూలు సెల్లోటేపు, కాగితాలు అంటించుకునేది, రెండంగుళాల ముక్క చించి, పొద్దున్నే కడగకముందు మలద్వారం పక్కన చర్మానికి జిగటవైపు ఆనించి నొక్కి తియ్యండి, ఇంకో చోట ఇంకో ముక్క, అద్దం ముక్క మీద అంటించి దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి, మైక్రోస్కోపులో రెండు నిమిషాల పని. ఒక్కరోజు కనపడకపోతే రెండు మూడు రోజులు వరసగా తీసి చూపించండి.

పురుగులే అయితే మందుంది, ఐవర్‌మెక్టిన్ గానీ ఫెన్‌బెండజోల్ గానీ, గుర్రాలకని వచ్చే పేస్టు, నోట్లో పెట్టేది. ఐవర్‌మెక్టిన్ మోతాదు కిలో బరువుకి 0.2 మిల్లీగ్రాములు. ఈ మధ్య కొన్నిచోట్ల నులిపురుగులు ఐవర్‌మెక్టిన్‌కి లొంగడం లేదు కూడా, అందుకే ఏది, ఎన్నిసార్లు అనేది డాక్టరు చూసి చెప్పాల్సిందే. ఇక్కడ ఇంకో జాగ్రత్త, ఆవులకి చర్మం కింద చేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ చవక కదా అని గుర్రానికి పొడిచేస్తుంటారు కొందరు, సూది గుచ్చిన చోట కండ వాచి చీము పట్టి ప్రాణం మీదకి వచ్చిన గుర్రాలున్నాయి. నోటి పేస్టే వాడండి.

మోతాదుకి బరువు తెలియాలి, బీచ్‌లో తిరిగే గుర్రాన్ని వేబ్రిడ్జికి తోలుకెళ్ళలేరు కదా. ఒక పురికొస తీసుకోండి, టైలరు టేపైతే 150 సెంటీమీటర్లకి అయిపోతుంది, చాలదు. ముందుకాళ్ళ వెనకాల ఛాతీ చుట్టూ ఒకసారి, భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివర దాకా పొడవు ఒకసారి కొలిచి, ఆ కొసని నేలమీద పరిచి టేపుతో చూసుకోండి. చుట్టుకొలతని చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు ఇంచుమించు వస్తుంది. చిట్టి ఛాతీ 150, పొడవు 130 అనుకోండి, దాదాపు 246 కిలోలు. మన బీచ్ గుర్రాలు చాలావరకు చిన్నవే, కంటితో చూసి మూడొందలుంటుందిలే అని మందు పెట్టేస్తే లెక్క తప్పుతుంది, తక్కువ పెడితే ఇంకా చెడ్డ, పురుగులు చావకుండా మొండికెత్తుతాయి.

మందుతో పాటు కడగడం ముఖ్యం, ఇది మానేస్తే మందు వేసినా వేస్టు. రోజూ గోరువెచ్చని నీళ్ళతో దూది తడిపి ఆ చోటంతా తుడిచి, ఆ దూది పారెయ్యాలి, అదే గుడ్డ ఉతికి మళ్ళీ వాడొద్దు. దాణా నేలమీద వెయ్యకండి, రెండు గుర్రాలకీ బకెట్లు వేరు చెయ్యండి, కొబ్బరిచెట్టుని ఆ ఎత్తు మేర వేడినీళ్ళు పోసి బ్రష్షుతో రుద్దండి. రెండోదానికి దురద లేకపోయినా దానికీ పురుగుల మందు పట్టాల్సిందే.

సరే, జిగట ఏమీ లేదనుకోండి. అప్పుడు పొదుగు చూడండి. ఇది మగవాళ్ళు సిగ్గుపడో పట్టించుకోకో వదిలేసే చోటు, నేనూ మొదట్లో వదిలేశాను, ఒక గుర్రానికి నెల రోజులు తోకకే మందులు రాసిచ్చి, చివరికి ఒక ముసలి సాయిబు గారు, పాతకాలం గుర్రపు సాయీసు, డాక్టరుగారూ కింద చెయ్యి పెట్టి చూశారా అని అడిగితే అప్పుడు చూశాను. ఆడగుర్రానికి రెండే చన్నులు, వాటి మధ్య మడతలో చెమటా దుమ్మూ కలిసి నల్లగా మైనంలా గడ్డకట్టి ఉంది. వెచ్చటి నీళ్ళతో నానబెట్టి వేళ్ళతో తీసేస్తే వారం తిరక్కుండానే రుద్దుకోవడం మానేసింది. అది అంతవరకూ పడ్డ బాధకి కారణం నేను చూడకపోవడమేనని ఇప్పటికీ అనిపిస్తుంది. బీచ్ ఇసుకలో తిరిగే గుర్రానికి ఇది ఇంకా ఎక్కువ. మగగుర్రానికైతే లింగం ఉండే తొడుగులో అలాగే మురికి చేరుతుంది. సబ్బు వద్దు, నీళ్ళు చాలు, నెమ్మదిగా, తొడ మీద ముందు చెయ్యి వేసి అలవాటు చేస్తూ.

ఇక వానలు మొదలైన కాడినుంచి అన్నారు కదా, ఆ మాట నాకు బాగా పనికొచ్చింది. క్యూలికాయిడిస్ అని ఒక సన్నటి దోమ, దోమ అంటే మనం చూసే దోమ కాదు, నుసి అంత ఉంటుంది, గొర్రెలకి నీలినాలుక రోగం తెచ్చేది కూడా ఈ జాతే. అది కుట్టినప్పుడు దాని ఉమ్ముకి కొన్ని గుర్రాల ఒళ్ళు పడదు, అలర్జీ. పది గుర్రాలు ఒకేచోట కట్టినా ఒకదానికే వస్తుంది, పక్కదానికి అంటుకోదు, ఎక్కిన పిల్లలకీ రాదు. తోక మొదలుతో పాటు జూలు, మెడ మీద, పొట్ట కింద మధ్య గీత దగ్గర కూడా పొక్కులుంటాయి, పొద్దు గుంకాకా తెల్లవారుజామునా ఎక్కువ రుద్దుకుంటుంది. ఆ దోమకి బురద, తడి లద్దె, నిలవ నీళ్ళు కావాలి. ఫోన్‌లో అడిగితే రాత్రిళ్ళు గెడ్డ, అంటే వాగు, పక్కన కడతామన్నారు, అక్కడే లద్దె కుప్ప కూడా. గుర్రం రోజుకి కిలోల కొద్దీ లద్దె వేస్తుంది, రెండు గుర్రాలకి వారంలో ఎంత కుప్పో చూసుకోండి.

ఈ దోమ గాలికి ఎగరలేదు, అదే మనకి అదను. సముద్రపు గాలి తగిలే ఎత్తు చోటుకి కట్టు మార్చండి, గోడ చాటు కాకుండా. వీలైతే రేకుల షెడ్డులో ఒక పాత పెడస్టల్ ఫ్యాను, వైరు గుర్రం నోటికీ కాలికీ అందకుండా, సాయంత్రం నుంచి తెల్లారేదాకా తోక వైపు తిరిగి తిరుగుతుంటే చాలు, నేను చూసినంతలో ఏ నూనె కన్నా ఇదే ఎక్కువ పనిచేసింది. మామూలు దోమతెర పనికిరాదు, దాని కన్నాల్లోంచి దూరిపోతుంది, ఇంకా సన్నటి నేత కావాలి. వేపాకు పొగ వెయ్యొచ్చు గానీ బయట, గాలివాలు చూసి, కొంచెంగా, మూసిన పాకలో పొగ పెడితే గుర్రం ఊపిరితిత్తులు పాడవుతాయి. పెర్మెత్రిన్ అని దోమల్ని చంపే మందు, దాని స్ప్రే డాక్టరు రాసిస్తే వాడుకోండి, కాకపోతే మీ పేటలో పిల్లులు ఎక్కువ, పిల్లులకి అది విషం, చేపలకీ విషమే, కలిపిన బకెట్టు గెడ్డలో కడగొద్దు.

పేలు, గజ్జి పురుగులు కూడా చూసుకోవాలి, వెంట్రుకలు పాయ తీసి ఎండలో చూస్తే పేలు కంటికే కనపడతాయి, గుర్రం పేను మనిషికి పట్టదు. గజ్జి అయితే చర్మం గీకి పరీక్ష చెయ్యాలి. తామర అంటుకుంటుంది, మనుషులకి కూడా, కాకపోతే అది గుండ్రంగా వెంట్రుకలు ఊడి పొలుసులు రాలుతుంది, దురద అంతగా ఉండదు. అది తేలేదాకా, పుండు మానేదాకా చిట్టిని పిల్లలకి ఎక్కించడం ఆపండి, కష్టమే, ఒక గుర్రం మీద ఇల్లు గడవడం ఎలాగో నాకు తెలుసు, అయినా ఆపండి.

రసి కారే పుండుకి: లీటరు నీళ్ళు మరిగించి చల్లార్చి ఒకటిన్నర చిన్న చెంచా ఉప్పు కలిపి దాంతో రోజుకి రెండుసార్లు కడిగి, పోవిడోన్ అయోడిన్ పలచని టీ రంగు వచ్చేలా నీళ్ళలో కలిపి అద్దండి. ఈ వానల్లో ఈగ వాలితే పురుగులు పడతాయి, రోజూ చూడాలి. తోకకి కట్టు బిగించి రాత్రంతా వదిలెయ్యకండి, రక్తం ఆడక తోకే చచ్చిపోతుంది. ఇంకోటి, ధనుర్వాతం టీకా వేయించారా? లద్దె పక్కన పచ్చిపుండు ఉన్న గుర్రానికి ధనుర్వాతం వచ్చిందంటే చాలా కష్టం, జీవాలన్నింట్లో గుర్రానికే అది తేలిగ్గా వస్తుంది. రేపే వేయించండి. మందుల షాపులో దురద ఇంజెక్షన్ అని స్టెరాయిడ్ ఇస్తే మాత్రం డాక్టరు చూడకుండా చేయించొద్దు, కొన్ని గుర్రాలకి దాని వల్ల గిట్టల లోపల వాపొచ్చి నిలబడలేని స్థితికి వస్తాయి.

ప్రశ్న: అంకుల్, నేను ఎంవీపీ కాలనీలో ఉంటాను, డిగ్రీ చదువుతున్నా. సాయంత్రం బీచ్‌కి వాకింగ్‌కి వెళ్తే ఒక గుర్రం తోక గోడకి రుద్దుకుంటూ కనిపిస్తుంది, తోక పైన వెంట్రుకలు చీపురులా నిలబడిపోయాయి, చాలా జాలేస్తుంది. నేను వేపనూనె తీసుకెళ్ళి రాయొచ్చా?

జవాబు: వద్దమ్మా, నీకు అలవాటులేని గుర్రం వెనక్కి అస్సలు వెళ్ళకు. వేపనూనె గాఢంగా రాస్తే పచ్చిపుండు మీద భగ్గుమంటుంది. యజమానితో మాట్లాడు, కోపంగా కాదు, అన్నా దీనికి దురదలా ఉంది, నులిపురుగులేమో, టేపు పరీక్ష చేయిస్తారా అని. చాలామందికి గుర్రమంటే ప్రేమే, తెలీదు, తెలిసినా డాక్టరు దగ్గరికి వెళ్ళే తీరిక ఉండదు. 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు గురించి చెప్తారు, ఆ నంబరు ఆయన ఫోన్‌లో సేవ్ చేసి ఇవ్వు. చెయ్యాలనుంటే ఒక బకెట్టు మంచినీళ్ళు ఇప్పించు, గుర్రానికి రోజుకి పాతిక లీటర్లకి పైనే కావాలి, బీచ్‌లో చుట్టూ నీళ్ళే గానీ దానికి తాగేవి దొరకవు.

ప్రశ్న: పెందుర్తి నుంచి రాస్తున్నానండి. పెళ్ళి ఊరేగింపులకి తెల్ల గుర్రాన్ని ఇస్తాం. తోక తళతళలాడాలని ప్రతి ఊరేగింపుకీ షాంపూ పెట్టి, జడలల్లి రిబ్బన్లు కడతాం. ఈ మధ్య తోక ఝాడిస్తోంది, రుద్దుకుంటోంది. సముద్రంలో స్నానం చేయిస్తే మంచిదంటున్నారు, నిజమేనా? ఊడిన వెంట్రుకలు మళ్ళీ వస్తాయా?

జవాబు: మీ ఉత్తరంలోనే కారణం కనపడుతోంది అనుకుంటున్నా. ముహూర్తాల సీజన్‌లో వారానికి మూడు నాలుగుసార్లు మన తలకి రుద్దుకునే షాంపూ పెడితే చర్మంలో ఉండే నూనె పోయి ఎండిపోతుంది, పైగా తోక ఎముక మీద వెంట్రుకలు ఒత్తుగా ఉంటాయి కాబట్టి నురగ లోపల ఉండిపోతుంది, అదే దురద. షాంపూ నెలకి ఒకటి రెండుసార్లు చాలు, నీళ్ళు తేటగా కారేదాకా కడగాలి, మీకు శుభ్రమైందనిపించాక ఇంకో రెండు మగ్గులు పొయ్యండి. మధ్యలో వట్టి నీళ్ళు. సముద్రపు నీళ్ళల్లో దించితే తప్పులేదు గానీ ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడక్కపోతే ఉప్పు ఎండి ఇంకా దురద పెడుతుంది. జడలు తోక ఎముక మీద అల్లొద్దు, ఎముక దాటాక కింద వేలాడే వెంట్రుకలకే అల్లండి, రబ్బరుబ్యాండ్లు వద్దు, మెత్తటి గుడ్డ పీలికలు చాలు, ఊరేగింపు అయిన వెంటనే, బ్యాండువాళ్ళు సామాను సర్దుకునేలోపే విప్పెయ్యండి, పొద్దున చూద్దాంలే అనుకోవద్దు.

మాలీషు రోజూ చెయ్యండి, ఒంటికి ఇనప దువ్వెన వాడేవాళ్ళు తోక దగ్గర దాన్ని పక్కన పెట్టాలి. తోకకి ముందు వేళ్ళు. పక్కన నిలబడి తోకని ఒక చేత్తో చిక్కు పైన గట్టిగా పట్టుకుంటే లాగుడు చర్మానికి తగలదు, కింది కొస నుంచి విడదీసుకుంటూ పైకి రావాలి, పైనుంచి కిందకి దువ్వితే చిక్కంతా ముడిపడి తెగిపోతాయి. ఒక్కో వెంట్రుక నెలకి అంగుళం లోపే పెరుగుతుంది, మూలం పాడవకపోతే మళ్ళీ వస్తాయి, మొదట ముళ్ళలా నిలబడి వికారంగా ఉంటాయి, అప్పుడు కత్తిరించేస్తే సరిగా ఉంటుందని కత్తెర పట్టుకుంటారు చాలామంది, పట్టుకోకండి. ఆ పొట్టి వెంట్రుకలే ఈగలు తోలుకోవడానికి దానికి మిగిలిన ఆధారం, వచ్చే పెళ్ళిళ్ళ సీజన్‌కి దాని మీద తడి గుడ్డతో అణిచి ఒక రిబ్బను వదులుగా వేస్తే సరిపోతుంది.